పంతొమ్మిది వోల్టులు

ఏళ్లుగా ఒక మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సుక్మాలో మాకు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. మా ఆయన సీసీ కెమెరాలు బిగించడానికి తిరుగుతాడు, గల్లా దగ్గర నేను. ఒకవైపు నక్సలైట్లు, ఒకవైపు పోలీసులు ఉన్న ఈ అడవి ఊళ్లో సామాను అమ్మడం కన్నా ఎవరికి అమ్మామో గుర్తుపెట్టుకోవడం పెద్ద పని. ఒకసారి ఎవరో మందుపాతరకు మా దగ్గరే బ్యాటరీలు కొనుక్కుపోయారని మా ఆయనను పోలీస్ ఠాణాకు పిలిచి పొద్దస్తమానం కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టకుండా, ఎవరికి ఏం అమ్మామో చిట్టా రాయడానికి కూర్చున్నాడు. అప్పటినుంచి నాకు ప్రతి ముఖమూ అనుమానమే. వైరు ఎక్కువ అడిగినా అనుమానం, బేరమాడకుండా డబ్బులిచ్చినా అనుమానం.

అలాంటి రోజుల్లో కిష్టారం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రైతు. తువ్వాలు విప్పి ఇటుకంత నల్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. పాత హార్డ్ డిస్క్. కంప్యూటర్‌కు తగిలిస్తే చాలదు, దానికి వేరే కరెంటు ఇవ్వాలి. ఆ అడాప్టర్ ఆయన దగ్గర లేదు.

"దీనికి కరెంటిచ్చేది కావాలె బిడ్డా."

"ఏముంది తాతా ఇందులో?"

"నా బిడ్డ పెండ్లి వీడియో. తీసినాయన దుకాణం ఎత్తేసి, ఇది నా చేతిల పెట్టి పోయిండు."

"పెళ్లి వీడియో కోసం ఇంత దూరం వచ్చావా?"

ఆయన ఒకసారి వీధి వైపు చూశాడు. "ఏంది బిడ్డా, రావొద్దా?"

వీధి వైపు ఎందుకు చూసినట్టు? అడవి లోపలివాళ్లు పంపారా? లేక నన్ను పరీక్షించడానికి పోలీసు క్యాంపు వాళ్లే పంపారా? అడాప్టర్ లేదని చెప్పి పంపించేశాను. తర్వాతి సంతకు మళ్లీ వచ్చాడు. మళ్లీ లేదన్నాను. ఆ తర్వాతి సంతకూ వచ్చాడు. నా పెళ్లి ఆల్బమ్ బీరువాలోనే ఉంది, నేనే ఏనాడూ తెరిచి చూడను. ఈయనకేమిటి అంత తహతహ? ఈ డబ్బా ఇలా నా బల్ల మీదికి వస్తున్నన్నాళ్లూ నాకు నిద్ర ఉండదనిపించింది.

డిస్క్ అడుగున రాసే ఉంది, పన్నెండు వోల్టులని. కెమెరాల అడాప్టర్లు సరిగ్గా అంతే, నా కాళ్ల దగ్గర అట్టపెట్టె నిండా ఉన్నాయి. నేను తీసింది లాప్‌టాప్ ఛార్జరు. పంతొమ్మిది వోల్టులు. పిన్ను చక్కగా పట్టింది. పొరపాటు కాదు, తెలిసే పెట్టాను. చిటుక్కుమని చిన్న శబ్దం, కాలిన వాసన.

"ఇది ముందే పోయింది తాతా."

"ఇగ రాదా?"

"రాదు."

ఆయన దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, అక్కడే వదిలేసి బస్సుకు వెళ్లిపోయాడు. పీడా పోయిందనుకున్నాను. ఛీ, ఎంత హాయిగా అనుకున్నానో!

కొన్నాళ్లకు కిష్టారం దారిలో జీపు నడిపే డ్రైవరు మా దుకాణంలోనే మాటల్లో చెప్పాడు. ఆ పెళ్లి రోజునే దూరాన ఎక్కడో పోలీసుల మీద నక్సలైట్ల దాడి జరిగిందట. అందులో ఉన్నాడని పెద్దాయన కొడుకును జైల్లో పెట్టారట. ఆ కుర్రాడేమో పెళ్లిలో చెల్లెలి పక్కనే ఉన్నాడు, వీడియోలో కనిపిస్తాడు, వకీలు దాన్నే తెమ్మన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయి, గల్లాలో చిల్లర లెక్కపెడుతూ విన్నాను.

కొడుకు సంగతి నాకెందుకు చెప్పలేదు? నేను ఆయన్ని అనుమానించినట్టే ఆయనా నన్ను అనుమానించాడు కాబోలు. చెప్పి ఉంటే సరైన అడాప్టర్ ఇచ్చేదాన్నా? నిజం చెప్పనా, ఇంకా ముందే షట్టరు దించేసేదాన్నేమో.

కానీ అసలు తప్పు ఇంకా చెప్పలేదు. డ్రైవరు చెప్పిన ఆ రోజుకు డిస్క్ ఇంకా నా దగ్గరే ఉంది. కాలింది పైనున్న బోర్డు. హైదరాబాద్‌లో విప్పించి బోర్డు మార్పిస్తే లోపలిది దక్కే అవకాశం ఉందని ఈ పనిలో ఉన్న నాకు తెలుసు. డ్రైవరుతో ఒక్క మాట కబురు పంపితే సరిపోయేది. పంపలేదు. విప్పినవాళ్లు ఎలా కాలిందని అడుగుతారు. ఎవరు కాల్చారని అడుగుతారు. మర్నాడు తుక్కు వాడు రాగానే వాడి బస్తాలో వేసేశాను. మొదటిసారి భయం అనుకుందాం. మరి రెండోసారి చేసినదాన్ని ఏమనాలి? అప్పటికి నాకు అన్నీ తెలుసు కదా?

కొడుకును ఏళ్ల తర్వాత నిర్దోషి అని వదిలారు. ఈ మధ్య దుకాణానికి వచ్చాడు. ముప్పై దాటవు, జుట్టు సగం నెరిసింది. సంచిలో చింతపండు తెచ్చాడు.

"నాయన పోయే ముందు చెప్పిండు అక్కా. మా కోసం మీరు మస్తు కష్టపడ్డరట."

వద్దనలేదు. తీసుకున్నాను. "కష్టం ఏముందిలే తమ్ముడూ" అని కూడా అన్నాను.

అది ముందే పోలేదు. నేను కాల్చాను. కాల్చాక కూడా దక్కేదే, తుక్కులో వేశాను. ఈ మాట చెప్పాల్సింది అతనికి. మీకు చెప్పాను. అయినా ఊపిరి కొంచెం ఆడుతోంది, సిగ్గు లేకుండా.