పల్లం మరిచిన లెక్క

మా ఓవర్సీరు సాబ్ పోయారు. పటాన్‌చెరు నుంచి కూరగాయల బండి మీద వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి చెప్పి వెళ్లాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క మనిషి క్షమిస్తే చాలునని ఇన్నేళ్లు తిరిగి, అది దొరకకుండానే పోయారే అని.

మా ఆయన పైపు మేస్త్రీ. ఒక మిల్లువాళ్లు గుట్ట మీద నీళ్ల ట్యాంకు కట్టి కిందికి పైపు వేయించినప్పుడు ఆ పనికి ఓవర్సీరు ఈయన. మా ఇంటి ముందు బండ మీద కూర్చుని చాయ్ తాగేవారు. గ్లాసు కంటి ఎత్తుకు లేపి, చాయ్ ఎంతవరకు ఉందో చూడనిదే గుక్క వేయరు. "తాగుతరా, కొలుస్తరా?" అంటే నవ్వేవారు. అంత పెద్ద ట్యాంకు, పైపు తట్టుకుంటదా అని ఒకసారి అడిగాను.

"ట్యాంకు ఎంత వెడల్పుంటె ఏంది బేటీ? నీళ్లు ఎంత ఎత్తున నిలబడ్డయో, గదే పైపును లోపలికెళ్లి బయటికి నూకుతది. ఎత్తు పెరిగితె పైపు మందం పెరగాలె."

అంత తెలిసిన మనిషే పొరబడ్డారు. గుట్ట అడుగు వరకే ఎత్తు కొలిచి మందం లెక్కగట్టారు. లైను అక్కడ ఆగలేదు, ఇంకా కిందికి, కూలీల గుడిసెలున్న పల్లంలోకి దిగింది. దిగిన కొద్దీ నీటి ఎత్తు పెరిగినట్టే. మొదటిసారి నీళ్లు వదిలి చివర వాల్వు మూసిన పొద్దున, పల్లంలో పైపు నిలువునా చీలింది. ఆ దెబ్బకు ఒక ఇంటి మట్టిగోడ కూలి, జొన్నరొట్టెలు చేస్తున్న ఇల్లాలు పోయింది.

అతుకు సరిగ్గా వేయలేదని మా ఆయన్ని ఠాణాకు పట్టుకుపోయారు. మేస్త్రీ మీద తోసేస్తే అడిగేవాడెవడు? నేను ఠాణా గడప దగ్గర కూలబడి ఉండగా సాబ్ వచ్చారు.

"అతుకు చెదరలే, పైపే చీలింది. లెక్క నాది. పల్లం మరిచిన. ఇతన్ని ఇడిచిపెట్టుండ్రి."

"జెర సోంచాయించుండ్రి సాబ్, ఒప్పుకుంటె నౌకరీ పోతది," అన్నాడు జమాదారు.

"పోనీ."

నౌకరీ పోయింది, కొన్నాళ్లు జైలూ తప్పలేదు. మా ఆయన ఇంటికొచ్చాడు. ఆ రుణం ఏ జన్మకు తీరేది?

తర్వాత సాబ్ పటాన్‌చెరులో చేతిపంపులు బాగుచేసుకుంటూ బతికారు. సంతనాడల్లా ఆ చనిపోయినామె పెనిమిటి ఇంటికి వెళ్లేవారు. అతను తలుపు తీసేవాడు కాదు. కాసేపు వాకిట్లో నిలబడి వచ్చేసేవారు. ఎండలో అట్లా నిలబడ్డ మనిషిని చూడలేకపోయేదాన్ని. "ఇగ చాలు సాబ్, ఆయన మాఫ్ చెయ్యడు," అని ఒకసారి కసిరాను.

"చెయ్యకపోతె మానె బేటీ. తిట్టాలని అనిపించిననాడు నేను ఎదురుంగ ఉండాలె గద."

మొన్న సాబ్‌ను పూడ్చి, గుంతలో తలా పిడికెడు మట్టి వేసేటప్పుడు, ఆడదాన్ని కాబట్టి నేను ఖబరస్తాన్ గోడ బయట నిలబడ్డాను. ఇన్నేళ్లూ తలుపు తీయని ఆ పెనిమిటి వచ్చాడు. మా ఆయన జరిగి చోటిచ్చాడు. అందరితో పాటు అతనూ వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. గుంత పూడింది. జనం వెళ్లిపోయారు. అతను మాత్రం పిడికిలి విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా రాలుతోంది.