నా ప్రార్థన కోసం ఆగిన భోజనం

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన నేనే చెయ్యాలన్నది నేను పెట్టిన నియమం. పామిడిముక్కల దగ్గర మా ఊళ్ళో మా నాన్నగారు పూటపూటా చేసేవారు. పిల్లలు ఆకలి మీద ఉన్నారని తెలిస్తే ఆయన రెండు మాటల్లో ముగించేవారు. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. నా చేతిలో అది పెరిగింది. నేను రాకుండా గుడివాడలో మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. షాపు నుంచి రెండింటికి వచ్చినా మూడింటికి వచ్చినా నా భార్య కంచాలు బోర్లించి కూర్చునేది. పాతికేళ్ళు అలా కూర్చుంది. దాన్ని భక్తి అనుకున్నాను. ఎవరి మీద భక్తో ఆలోచించలేదు.

ఆ నియమం ఎక్కడిదాకా తెచ్చిందో చెప్పాలంటే గుడివాడలో కాదు, కరీబియన్ సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళోని పాత హోటల్‌లో మొదలుపెట్టాలి.

నేను రొయ్యల మేత డీలర్ని. అమ్మకాలు బాగా చేసిన డీలర్లని కంపెనీ అప్పుడప్పుడు విదేశాలకి తీసుకెళ్తుంది. థాయిలాండ్‌కి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఒంటరిగానే. ఈసారి భార్యల్ని కూడా తీసుకురమ్మన్నారు. వెళ్ళేది వెస్టిండీస్ వైపు ఒక దీవికి. క్రికెట్ తప్ప ఆ వైపు గురించి మాలో ఎవరికీ ఏమీ తెలియదు. నా భార్య మంగినపూడి తప్ప ఇంకో సముద్రం చూసింది కాదు.

"అక్కడ నీళ్ళు నీలంగా ఉంటాయంటండీ. మన మంగినపూడిలాగా మట్టిరంగు కాదంట," అంది సూట్‌కేసులో కందిపొడి సీసా సర్దుతూ.

ఆమెకి షుగర్. బయలుదేరేముందు డాక్టరు గారు ఆమెని బయట కూర్చోమని నాతో విడిగా మాట్లాడారు.

"మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం తినాలండీ. ఆలస్యమైతే షుగర్ పడిపోద్ది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుద్ది, ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కరు. ఇంట్లో అయితే ఆవిడే చూసుకుంటారు. అక్కడ మీరు చూసుకోవాలి."

"నేను చూసుకుంటానండీ," అన్నాను.

ఇంట్లో ఆవిడ చూసుకునే పద్ధతి ఏమిటో నాకు తెలుసు. వాకిట్లో నా చెప్పుల చప్పుడు విన్నాకే మాత్ర వేసుకునేది. అంతవరకు ఆగేది.

మూడు విమానాలు మారి, ఏ పూటో తెలియని స్థితిలో అక్కడ దిగాం. హోటల్ ఒకప్పుడు గొప్పగా వెలిగి ఉంటుంది. ఇప్పుడు ఉప్పుగాలికి గోడల రంగు పొక్కులు లేచి ఉంది. లిఫ్టు ప్రతి అంతస్తు దగ్గరా ఒకసారి నిట్టూర్చి ఆగేది. మా గదిలో ఏసీ నీళ్ళు కారుతుంటే కింద ఒక బకెట్ పెట్టి ఉంచారు. ఆ బకెట్‌ని చూసి నా భార్య మొదటిసారి నవ్వింది. "మన షాపులోదే తెచ్చి పెట్టినట్టుంది," అంది. కిటికీ తెరిస్తే నీలం నీళ్ళు నిజంగానే ఉన్నాయి. పక్కనే ఊరి రేవు, డీజిల్ వాసన, ఎండుతున్న చేపల వాసన. బందరులో నిలబడ్డట్టే ఉంది. నాకు నిద్ర తప్ప ఏమీ వద్దనిపించింది.

కింద కౌంటర్ దగ్గర అందరి మణికట్లకీ ఒక ప్లాస్టిక్ పట్టీ బిగించారు. దాన్ని ఆల్ ఇన్‌క్లూజివ్ అంటారట. ఆ పట్టీ ఉన్నన్నాళ్ళూ ఏం తిన్నా ఏం తాగినా అడిగేవాళ్ళు లేరు. నా భార్య దాన్ని గాజుల వెనక్కి తోసుకుంది, ఎవరికైనా కనిపిస్తే బాగోదన్నట్టు.

మాతోపాటు వచ్చినవాళ్ళలో అవనిగడ్డ డీలర్ నాకు పాత స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు, నా భార్యని చెల్లెమ్మా అంటాడు. రెండోరోజు ఈతకొలను అవతల బారు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఏం బావా, చేతికి పట్టీ కట్టించుకుని పస్తుంటావా? పాపం తగులుద్ది."

"ఊరుకో బావా. మా ఇంటావిడ ఉంది."

"చెల్లెమ్మ నీళ్ళు చూస్తోంది. నువ్వు వీటిని చూడు."

"చర్చిలో సంఘపెద్దని బావా నేను."

"సంఘం గుడివాడలో ఉంది. నువ్వు ఉన్నావా గుడివాడలో?"

అతని మీద నెట్టడానికి లేదు. అతను పిలిచింది ఒక్కసారి. తర్వాతవన్నీ నా కాళ్ళు నడిచినవే. ఇంకో సంగతి కూడా రాయాలి. గుడివాడలో బయలుదేరేటప్పుడే గుప్పెడు ఏలకులు చొక్కా జేబులో వేసుకున్నాను. థాయిలాండ్ వెళ్ళినప్పుడూ అంతే. అంటే అక్కడ తాగుతానని ఇంట్లో ఉండగానే నాకు తెలుసు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె అందించే చేత్తోనే ఆ ఏలకులు తీసుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం. భోజనాల హాలు మూడింటికి మూసేస్తారు. ఒకటిన్నరకి ఆమెతో అన్నాను: "నువ్వు పద. కిటికీ పక్కన చోటు చూడు. మాత్ర వేసేసుకో. నీ వెనకే వచ్చేస్తున్నాను."

"ప్రార్థనకి వస్తారుగా?"

"వస్తున్నానంటున్నానుగా."

నా మాట నమ్మి, చెప్పుల చప్పుడు వినకుండా ఆమె మాత్ర వేసుకోవడం అదే మొదటిసారి.

ఒక్కటే తాగి వెళ్దామనుకున్నాను. రమ్ము తియ్యగా, చల్లగా, కొబ్బరినీళ్ళలో కలిపి ఇస్తారు. అలసట అంతా అక్కడే దిగుతున్నట్టు ఉంటుంది. రెండోది అయ్యాక మా ఇద్దరి మాటలు చెరువుల మీదికి వెళ్ళాయి. ఏ రైతు మేత టైముకి వెయ్యడు, ఎవరి చెరువులో రొయ్య ఎందుకు ఎదగలేదు. నేను గట్టిగా చెబుతున్నాను: "టైముకి మేత పడకపోతే ఒకదాన్నొకటి కొరుక్కు తింటాయి బావా. ముందు చెక్ ట్రే ఎత్తి చూసుకోవాలి, తిన్నాయా లేదా అని." చెరువులో చిన్న పళ్ళెం దించి, ఎత్తి, మేత మిగిలిందో లేదో చూడటం మా పనిలో మొదటి పాఠం. చూడకుండానే చెప్పగలనని నాకు గర్వం కూడా ఉండేది.

గడియారం చూసేసరికి రెండు ముప్పావు. లేచాను. కానీ నేరుగా హాలుకి వెళ్ళలేదు. వాసన పోవాలని ఏలకులు నములుతూ ఒడ్డు వెంట ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను. ఆ నడకని ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. తాగుడుకి పట్టిన సమయం ఒక ఎత్తు, దాన్ని దాచుకోవడానికి పట్టిన సమయం ఒక ఎత్తు.

హాల్లో కుర్చీలు బల్లల మీద బోర్లిస్తున్నారు. వంటలన్నీ తీసేశారు. కిటికీ పక్కన నా భార్య కూర్చుని ఉంది. ఎదురుగా రెండు పళ్ళేలు. నాకోసం కూడా వడ్డించి ఉంచింది. అన్నం, చేపముక్క, వేయించిన అరటిపండు ముక్కలు, పక్కన మన కందిపొడి. ఒక్క మెతుకు కదల్లేదు. ఆమె జాకెట్టు చెమటకి తడిసిపోయింది. రెండు చేతులూ జోడించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి.

పక్కన వడ్డించే ఆవిడ నిలబడి ఉంది. మా అక్క వయసుంటుంది. బరువైన మనిషి, పాదాలు వాచి ఉన్నాయి. చేతిలో పళ్ళరసం గ్లాసు. నన్ను చూడగానే గబగబా ఇంగ్లీషులో ఏదో అంది. సగమే అర్థమైంది. ఎంతసేపటి నుంచో తాగమంటున్నాను, ఈమె చేతులు జోడించి తల అడ్డంగా ఊపుతోంది, ఎక్కడికి పోయావు నువ్వు. మాటలు అందకపోయినా అది తిట్టు అని తెలిసింది.

నా భార్య కళ్ళెత్తింది. చూపు నా మీద నిలవలేదు.

"వచ్చారా... ప్రా... ప్రార్థన చెయ్యండి."

నేను నోరు తెరవలేదు.

ఇది రాయడానికే ఇదంతా రాశాను. డాక్టరు గారు చెప్పినవన్నీ నా కళ్ళెదుట ఉన్నాయి: చెమట, వణుకు, తడబడే మాట. తర్వాత ఏం జరుగుతుందో కూడా ఆయన చెప్పారు. అయినా ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. వంగి ప్రార్థన చేస్తే వాసన తెలిసిపోతుంది. నా భార్య ప్రాణం, నా పరువు రెండూ బల్ల మీద ఉంటే నేను పరువు వైపు చూశాను.

వడ్డించే ఆవిడ నన్ను చూసింది. జోడించి ఉన్న ఆ చేతులని చూసింది. ఏం అర్థమైందో, గ్లాసు బల్ల మీద పెట్టి, తన పెద్ద అరచేతిని ఆ రెండు చేతుల మీదా మూసి, కళ్ళు మూసుకుంది. ప్రభువా, ఈ బిడ్డ ఆహారాన్ని ఆశీర్వదించు అన్నంతవరకు నాకు అందింది. రెండు మాటలే. చివర గట్టిగా "ఆమెన్" అంది.

"ఆమెన్," అంది నా భార్య. నోరు తెరిచింది. ఆవిడ గ్లాసు అందించి, తల వెనక చెయ్యి వేసి, గుక్క గుక్కగా తాగించింది. అప్పుడు కదిలాను నేను. కదిలి చేసింది కూడా ఏమీ లేదు, ఖాళీ గ్లాసు పట్టుకున్నాను. ఆవిడ వెళ్ళి ఇంకో గ్లాసు, చక్కెర పొట్లాలు తెచ్చింది. కాసేపటికి వణుకు తగ్గింది. నా భార్య చల్లారిన అన్నం కలుపుకుని నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. ఆవిడ ఎదురు కుర్చీ దించి, సగం తినేదాకా కూర్చుని, అప్పుడు లేచి మిగతా కుర్చీలు బోర్లించడానికి వెళ్ళింది. వెళ్తూ నా వైపు చూడలేదు.

సాయంత్రం వరండాలో కూర్చున్నాం. నీలం నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి, ఇద్దరం వాటిని చూడటం లేదు.

"ఏలకులు ఇంకా ఉన్నాయా?" అంది.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె వాటిని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"థాయిలాండ్‌లో కూడా ఇంతేనా?"

"ఇంతే."

"మీ చొక్కాలు ఉతికినప్పుడల్లా జేబుల్లో తొక్కలు వచ్చేవి. టీలో వేసుకుంటారేమో అనుకునేదాన్ని." గుప్పెట మూసి అంది: "అనుకోవాలని అనుకునేదాన్ని."

కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడలేదు. అలిసిపోయి ఉంది. ఆ అలసట విమానాలది కాదు.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి కిందికి వెళ్ళేసరికి ఆమె సగం తినేసింది. నేను పళ్ళెంతో నిలబడ్డాను.

"కూర్చోండి. నా ప్రార్థన అయిపోయింది."

"నాకు కూడా చేశావా?"

"మీ నోరు మీకుంది కదండీ."

దూరంగా కాఫీ పోస్తున్న నిన్నటి ఆవిడ మమ్మల్ని చూసి, నా భార్య పళ్ళెం వైపు చూసి, తల ఊపింది.

గుడివాడ వచ్చాక సంఘపెద్దల్లోంచి నన్ను తీసెయ్యమని పాస్టరు గారికి చెప్పాను. ఎందుకండీ అని అడిగితే ఒంట్లో బాగుండటం లేదన్నాను. అదీ అబద్ధమే. నిజం చెప్పే ధైర్యం ఇంతవరకు రాలేదు. తాగడం మానేశానని రాయాలని ఉంది. మానేశానో, మళ్ళీ టూరు పడలేదు కాబట్టి తాగలేదో నాకే తెలియదు.

ఇంట్లో మాత్రం ఒకటి మారింది. ఒంటిగంటకి ఆమె మాత్ర వేసుకుంటుంది, తన ప్రార్థన తను చేసుకుని తినేస్తుంది. నా కంచం మీద మూత పెట్టి ఉంటుంది. నేను వచ్చి ముందు ఆమె కంచం కడిగి ఉందా లేదా చూస్తాను. తడిగా ఉంటే మనసు కుదుటపడుతుంది. మొన్న రెండున్నరకి వచ్చి, చూసుకుని, కూర్చుని కళ్ళు మూసుకున్నాను. పాత అలవాటు కొద్దీ పొడుగాటి మాటలు ఎత్తుకున్నాను. వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"కానివ్వండి త్వరగా. పులుసు చల్లారిపోద్ది."

మా నాన్నగారిలాగా రెండు మాటల్లో ముగించాను.