బ్యాటరీ కింద తుప్పు

ఇవాళ గేటుకు తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమర్ వేస్తుంటే, ఆ వాసనకు పూజలో మనసు నిలవలేదు. ఏమండీ, బెజవాడలో మా నాన్న కార్లకు రంగులేసే షెడ్డు గుర్తుందా మీకు?

చల్లపల్లి నుంచి ఒకాయన నలభైల నాటి కారు తెచ్చాడు. నాన్న దాని అడుగంతా తుప్పు గీకి, ప్రైమర్ వేసి, పైకి లేస్తూ తలుపు పట్టుకున్నాడు.

"ఆ చేతుల్తో ముట్టుకోకురా వెధవా!" అన్నాడాయన, అందరి ముందూ.

"తప్పయిందండీ," అన్నాడు నాన్న.

బానెట్ కింద ఇరుకు మూలలకు రంగు వేసేది నేనే. ఆ కారుకు బ్యాటరీ పెట్టేచోట తుప్పు మీదే నల్లరంగు పూసేశాను. ఏడాదిలో ఆ రేకుకు చిల్లులు పడతాయని తెలుసు.

"ప్రైమర్ కొట్టావా అమ్మా?"

"కొట్టాను నాన్నా."

నాన్న అక్కడ వేలితో తడిమాడు. గరుకు తగిలింది. నావైపు చూసి, బ్యాటరీ పెట్టి, బానెట్ మూసేశాడు.

దేవుడి ముందు ఎన్నిటికో చెంపలేసుకున్నాను. దీనికి వేసుకోలేదు.