మేజరు గారి పూజగదిలో ఏడో నంబరు గూడు

ఒక గురువారం పొద్దున్న ఏడున్నరకి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పూజగదిలో దూరి నేను పక్షి గూడు వెతికాను. ఒక్కదాన్నే కాదు, ఒక ప్రభుత్వ అధికారిని వెంటబెట్టుకుని మరీ వెతికాను. అలాంటి పని చేయాలంటే మతి పోయుండాలి, లేదా చేతిలో రంగుల మ్యాపు ఉండాలి. నా దగ్గర మ్యాపు ఉంది. మీరు నవ్వుకుంటే నేనేమీ అనుకోను, ఇరవయ్యేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగిపోతున్న రోజులవి. పద్మారావు నగర్‌లో మా వీధిలో డిగ్రీ పాసైన ప్రతివాళ్ళూ అమీర్‌పేట బస్సెక్కి ఏదో ఒక కోర్సులో చేరిపోయేవారు. నేను మాత్రం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక మేడ మీదున్న చిన్న సంస్థలో చేరాను. జంతువులూ పక్షులూ ఎక్కడ బతుకుతున్నాయో చూసి, మ్యాపులు గీసి, ఆ చోట్లని వదిలేయమని ప్రభుత్వాన్ని బతిమాలడం వాళ్ళ పని. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కొత్తగా పరువు కూడబెట్టుకుంటున్న మా అమ్మ మాత్రం, అమ్మాయి సాఫ్ట్‌వేర్ అని పక్కింటివాళ్ళకి చెప్పేసింది. అది అబద్ధమూ కాదు. మ్యాపులు గీసేది సాఫ్ట్‌వేర్‌లోనే కదా.

మా ఆఫీసులో బయట తిరిగే పని ఖాజా భాయ్‌ది. జనగామ వైపు మనిషి, యాభై దాటాయి, మెడలో తాయెత్తుతో పాటు జీపీఎస్ డబ్బా కూడా వేలాడుతుండేది. ఆ వేసవిలో ఆయన సైనిక్‌పురి వెనకాల ఒక కుంట పక్కనున్న రాళ్ళ నేలలో నెలన్నర ఎండలో తిరిగి, తీతువు పిట్టల గూళ్ళు పద్నాలుగు ఆ డబ్బాలో నమోదు చేసుకొచ్చాడు. తీతువు చెట్టు మీద గూడు పెట్టదు. నేల మీదే, గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాగే ఉండే నాలుగు గుడ్లు పెట్టి పైన కూర్చుంటుంది. ఆ నేలని చదును చేసి ప్లాట్లు వేయడానికి బుల్డోజరు అప్పటికే వచ్చి ఒక మూల నిలబడింది. గురువారం ప్రభుత్వ అధికారి వస్తారు. మా మ్యాపు పట్టుకుని నడిచి, గూళ్ళు నిజంగా ఉన్నాయని తేలితే పని ఆపమని రాస్తారు. తేలకపోతే శుక్రవారం గూళ్ళ మీదుగా బుల్డోజరు వెళ్తుంది.

మ్యాపు గీసే బాధ్యత నాది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మా దగ్గరున్న పాత సర్వే మ్యాపు గీసిన పెద్దలు భూమి ఆకారాన్ని ఒక లెక్కలో అనుకున్నారు. జీపీఎస్ డబ్బా ఇంకో లెక్కలో అనుకుంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టేముందు ఆ రెండు లెక్కలూ వేరని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. శిక్షణలో మొదటి రోజే నేర్పారు. నేను చెప్పడం మరిచాను. అంతే, నా పద్నాలుగు గూళ్ళూ గుడ్లతో సహా పావు కిలోమీటరు పక్కకి వెళ్ళి కూర్చున్నాయి. పాత మ్యాపులో అక్కడంతా ఖాళీ జాగాయే కాబట్టి నాకు అనుమానమూ రాలేదు. ఆ జాగాలో ఇళ్ళు లేచి చాలా ఏళ్ళయిందని మ్యాపుకి ఎవరూ చెప్పలేదు.

ఖాజా భాయ్‌కి ఒక నియమం ఉండేది. మ్యాపు గీశాక దాన్ని పట్టుకెళ్ళి, ఏవైనా మూడు గుర్తుల దగ్గర సొంత కాళ్ళతో నిలబడి చూడాలి. బుధవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరకొచ్చి, "బిడ్డా, జెర పోయి చూసొద్దాం. గంట పని" అన్నాడు. నాకు తీరిక లేదన్నాను. ఏం చేస్తున్నానో మీరు అడక్కపోతే బాగుండేది. ఉత్తర దిక్కు చూపించే బాణం చుట్టూ తామరపువ్వు గీస్తున్నాను. మూడు గంటలు పట్టింది. ఉత్తరం అంత అందంగా అంతకుముందెప్పుడూ లేదు.

గురువారం అధికారి గారు జీపు దిగి, మ్యాపు విప్పి, బాగుందన్నారు. ఆ ఒక్క మాటకి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ముందు నేను, వెనక ఆయన, ఆ వెనక ఖాజా భాయ్. పాత కల్వర్టు దగ్గర మ్యాపు ప్రకారం నేను ఎడమకి తిరిగాను. ఖాజా భాయ్ కుడికి తిరిగాడు.

"బిడ్డా, ఇటు గదా."

"మ్యాపులో ఎడమకే ఉంది భాయ్."

"డబ్బా సుత ఇటే అంటుంది."

"బ్యాటరీ అయిపోయుంటుంది, మార్చండి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడట వెనకటికొకడు. వాడు నయం, కుందేలునైనా పట్టాడు. నెలన్నర ఆ రాళ్ళలో నడిచిన మనిషికి, ఒక్కరోజూ నడవని నేను దారి చెబుతున్నాను. ఆయన మా వెనకే వచ్చాడు.

ఆ దారి తిన్నగా ఒక వీధిలోకి, ఆ వీధి ఒక గేటు ముందుకి తెచ్చాయి. గేటు మీద కాగితప్పూల తీగ, పక్కన రిటైర్డ్ మేజరు గారి పేరున్న ఇత్తడి పలక. అధికారి గారు మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచారు. ఐదో గూడు ఈ ఇంటి వంటగదిలోనూ, ఏడోది సరిగ్గా ఇంటి నడిమధ్యలోనూ ఉండాలని తేల్చి, నా మొహం చూశారు. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడే తప్పు ఒప్పుకునేవారు. ఆ వయసులో నాకు తప్పు ఒప్పుకోవడం కన్నా కాలింగ్ బెల్ కొట్టడం తేలికనిపించింది.

మేజరు గారు నిక్కరు మీద, చేతిలో నీళ్ళ పైపుతో వచ్చారు.

"సార్, మీ ఇంట్లో ఎక్కడైనా తీతువు పిట్ట గూడు పెట్టిందా?"

"ఇంట్లోనా?"

"మధ్యగదిలో ఉండాలి సార్. మ్యాపు ప్రకారం."

"మధ్యగది మా పూజగది" అన్నారాయన, పైపు కింద పెడుతూ.

ఆ మాట విని లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చారు. "ఏటమ్మా, తీతువు పిట్టా? మా దేవుడి గదిలోనా?" అచ్చం మా అమ్మమ్మ గొంతు. తీతువు కూస్తే ఇంటికి కీడని మా వైపు గట్టి నమ్మకం. ఆవిడ మొహం వాడిపోయింది. ఎలాగూ అన్నావు కాబట్టి వెతికి మరీ లేదని చెప్పు, నా మనసు కుదుటపడాలి అంటూ నన్ను లోపలికి తీసుకెళ్ళారు. కాబట్టి నిజంగానే వెతికాను. పీట కింద చూశాను, హారతిపళ్ళెం వెనక చూశాను. వత్తుల డబ్బా దొరికింది, నిన్నటి కొబ్బరిచిప్ప దొరికింది. అధికారి గారు చెప్పులు విప్పి గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశారు.

బయటికొచ్చాక ఆయన మ్యాపుని నాలుగు మడతలు పెట్టారు. తామరపువ్వు నడుం విరిగింది. "దీన్ని చూసి పని ఆపమని నేనెలా రాయనమ్మా?" అన్నారు, కోపం లేకుండానే.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఉద్యోగం గురించి కాదు. పద్నాలుగు చోట్ల నాలుగేసి గుడ్లు, మూల నిలబడ్డ బుల్డోజరు, మధ్యలో నా తామరపువ్వు. "తప్పు నాది సార్. మ్యాపు తప్పు గీశాను. ఖాజా భాయ్ చెప్పిన దారే సరైంది" అన్నాను. పొద్దుట్నుంచి నేనన్న మాటల్లో పనికొచ్చిన మాట అదొక్కటే.

ఖాజా భాయ్ నా వైపు చూడనైనా చూడలేదు. "సార్, మ్యాపు తప్పైతది. గుడ్లు తప్పు గావు గదా. జెర పది నిమిషాలు నడువుండ్రి" అన్నాడు.

అధికారి గారు గడియారం చూసుకుంటుంటే మేజరు గారు అడ్డం వచ్చారు. రోజూ తెల్లారకముందే తనని నిద్రలేపే అరుపులు ఆ పిట్టలవేనా అని అడిగి, అవునంటే, అలాగైతే దగ్గరి దారి నేను చూపిస్తానంటూ పెరటి గేటు తీశారు.

రాళ్ళ నేలలో అడుగుపెట్టగానే తలల మీద తీతువులు గోల మొదలుపెట్టాయి. నాలుగడుగులు వేశామో లేదో, ఖాజా భాయ్ అధికారి గారి భుజం పట్టుకుని ఆపాడు.

"సార్, కాలు కింద పెట్టకుండ్రి."

ఆయన ఒంటికాలి మీద కొంగలా నిలబడి కిందికి చూశారు. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత కనబడ్డాయి, బూటుకి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. కాలు మెల్లిగా వెనక్కి తీసుకుని, అక్కడే మేజరు గారి వీపు ఆసరాగా, నా మ్యాపు వెనకవైపే పని ఆపాలని రాశారు. వారం తిరక్కుండా బుల్డోజరు వెళ్ళిపోయింది. తర్వాత కుంటనీ రాళ్ళ నేలనీ ప్లాట్లలోంచి తీసేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఎవరింట్లోనో ఓడిపోయి, ఖాజా భాయ్ పుణ్యమా అని రచ్చ గెలిచాను.

మరుసటి వేసవిలో మేజరు గారి దగ్గర్నుంచి ఫోను. ఆ పాత మ్యాపు పట్టుకుని వెంటనే రమ్మన్నారు. ఖాజా భాయ్‌తో కలిసి వెళ్తే, తిన్నగా మేడ మీదికి తీసుకెళ్ళారు. ఏదో పని కోసం అక్కడ కంకర పరిచారు. ఆ కంకర మీద, నాలుగు గుడ్లు పొదుగుతూ, ఇల్లు తనదే అన్నట్టు తీతువు పిట్ట కూర్చుని ఉంది. మేజరు గారు ముందే టేపు పెట్టి కొలిచారట. కింద సరిగ్గా పూజగది.

"నీ మ్యాపు తప్పు కాదమ్మా" అన్నారాయన. "ఏడాది ముందు వచ్చింది, అంతే."

నేను భయపడుతూ వాళ్ళావిడని కీడు సంగతి అడిగాను. ఆవిడ అప్పటికే తన వడియాలు పక్కింటి మేడ మీదికి మార్చేశారు. "కీడేటమ్మా? పురిటికొచ్చిన ఆడపిల్లని ఎవరైనా అలాగంటారేటి?" అని నన్నే కోప్పడ్డారు.

ఖాజా భాయ్ మెడలోంచి డబ్బా తీశాడు. "ఏడో నంబరే ఎయ్యాల్నా, బిడ్డా?"

అందుచేత, మేజరు గారి మేడ మీది కంకర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మూడు గుర్తుల దగ్గర సొంత కాళ్ళతో నిలబడకుండా ఏ మ్యాపూ ఎవరి చేతికీ ఇవ్వను. ఖాజా భాయ్ కుడి అంటే కుడి. ఉత్తరానికి బాణం చాలు, పువ్వులు అక్కర్లేదు. బతికున్నంతకాలం ఎవరి పూజగదిలోనూ గూడు వెతకను. మేడ మీదికి మాత్రం ఒకసారి వెళ్ళి చూసొస్తాను.