అక్క పాటను అందుకున్నవాళ్లు

మేము పోస్టుకు చేరింది పగలు పదకొండు నలభైకి. కింది క్యాంపు నుంచి ఆరు గంటల నడక. సెప్టెంబరు మొదటి వారం. ఎత్తు పదిహేను వేల అడుగుల పైన. వీపు మీద ఇరవై ఆరు కిలోలు: పడకసంచి, మంచు బూట్లు, తూటాలు, ఐదు రోజుల ఎండు తిండి. పోస్టు అంటే రాళ్లు, ఇసుక సంచులు, రేకులతో కట్టిన రెండు బంకర్లు. మనుషులం తొమ్మండుగురం. పోస్టు పేరు రాయను. ఇప్పుడు అక్కడ వేరేవాళ్లు కాపలా ఉన్నారు.

పాత జట్టు పన్నెండున్నరకు దిగిపోయింది. పోస్టు కమాండర్ మమ్మల్ని వరుసలో నిలబెట్టాడు. గఢ్వాల్ సుబేదారు. తక్కువ మాట్లాడతాడు. హిందీలో మూడు ఆదేశాలు ఇచ్చాడు. పరుగెత్తొద్దు. ఒంటరిగా బయటికి పోవద్దు. చప్పుడు చేయొద్దు.

పాటలు వినొచ్చా సాబ్ అని అడిగాను.

"పదహారు గంటల నుంచి పదిహేడు దాకా. బంకర్ లోపల. తలుపు వేసుకుని." అంటే సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా.

ఊళ్లో నన్ను ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు, ఎంతమందిని కాల్చినవని. ఆ నాలుగున్నర నెలల్లో నేను ఒక్క తూటా కాల్చలేదు. పాటలు విన్నాను. ఒక పాట కోసం పట్టుబట్టాను. దాని గురించే రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆపొచ్చు.

మాది హాలియా దగ్గర ఊరు. తెలంగాణ వచ్చిన మూడో ఏడు అది. ఎక్కేముందు నల్లగొండలో ఒక మొబైల్ షాపులో కార్డు నిండా బతుకమ్మ పాటలు వేయించుకున్నాను. వాటిని వినడానికి అరచేతిలో పట్టే పాటల పెట్టె ఒకటి. రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది.

పుస్తకాల్లో శరత్తు అంటే వెన్నెల, తెల్ల మబ్బులు. వేరే దేశాల కథల్లో ఎర్రబడి రాలే ఆకులు. చదివాను, రెండూ బాగానే ఉంటాయి. మా దగ్గర మాత్రం ఆ నెలలో ఏదీ రాలదు. వానలు వెనక్కి తగ్గుతాయి, గుట్టల మీద తంగేడు, చేన్లలో గునుగు, పెరట్లో బీరపూలు విచ్చుకుంటాయి. ఆడవాళ్లు వాటిని పేర్చి, చుట్టూ తిరుగుతూ పాడతారు. ఒకామె పాట ఎత్తుతుంది. మిగతావాళ్లు అందుకుంటారు. పోస్టు మీద తంగేడు లేదు, గడ్డి కూడా లేదు. నా శరత్తు మొత్తం ఆ కార్డులోనే ఉంది.

షాపువాడు వేసిన కార్డులో పాడినవాళ్ల పేర్లుండవు. ఫైళ్లకు అంకెలు మాత్రమే. కాబట్టి పేర్లు మేమే పెట్టుకున్నాం. మేమంటే నేను, వంటగాడు. అతనిది మక్తల్ దిక్కు. గొర్లు కాసే ఇంటివాడు. పోస్టులో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే.

ఏడో నంబరు పాడినామెను ఊపిరి అక్క అనేవాళ్లం. ప్రతి చరణానికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. ఇప్పటి రికార్డింగుల్లో దాన్ని చెరిపేస్తారు. పదమూడో నంబరు ఒక ముసలామె. పండుగకు తోలుకపోవడానికి అన్న రాలేదని ఎదురుచూసే చెల్లె పాట. గొంతు రెండు చోట్ల చీలుతుంది. ఆమె ఆగదు. నాకు అన్నింటికంటే ఇష్టమైన పాట అదే. ఇరవయ్యో నంబరు ఒక మగమనిషి. డప్పు మీద చెరువు నిండిన పాట. వంటగాడు దానికే ఓటు వేసేవాడు.

"మీ నల్లగొండోల్లు పాటను గుంజుతరన్నా, నాగలి గుంజినట్టు. గీయన జూడు, నడిపిస్తాండు."

"మందల నడిచెటోనివి, నీకు నడకనే దెలుస్తది."

"గొర్రెకు గూడ పాట దెలుస్తది. నీకే దెల్వదు."

ముప్పై ఒకటో నంబరు మా అక్కది. యాదమ్మ. ఈ ఒక్క పేరు రాస్తాను.

అక్క నాట్ల కూలి. సాగర్ కాలువ కింద యాసంగి, వానాకాలం రెండు కార్లూ నాట్లు వేసేది. ఊళ్లో బతుకమ్మకు పాట ఎత్తేది ఆమెనే. ఆ వేసవిలో నల్లగొండలో ఒక చిన్న రికార్డింగ్ గదివాళ్లు విని పిలిపించారు. గునుగు మీద తనే కట్టిన పాట. మొదట అక్క ఒక్కతే పాడింది. ఎక్కడ అందుకోవాలో అక్కడ ఆగుతూ, ఆ జాగా వదులుతూ. వచ్చే వారం ఊరి ఆడవాళ్లను ట్రాలీలో తీసుకొచ్చి ఆ జాగాల్లో పాడించాలి. ఆ వారంలో బావ పోయాడు. పొలం గట్టు మీద గుండెనొప్పి. దవాఖానకు చేరలేదు. నేను యూనిట్ నుంచి వచ్చేసరికి ఐదో రోజు. అందుకునేవాళ్ల పాట రికార్డు కాలేదు. గదివాళ్లు అక్క గొంతు ఉన్న ముక్కను అదే కార్డులో ఎక్కించి నాకిచ్చారు. మాకిక పనికిరాదన్నారు.

పోస్టులో దాన్ని మొదటిసారి పెట్టినప్పుడు రేడియో ఆపరేటర్ పెట్టెను అరచేత్తో కొట్టాడు. పంజాబీవాడు. పాట మధ్యలో నిశ్శబ్దం వస్తే సెట్టు పాడైందనే అనుకుంటాడు.

"పాడు కాలేదు. అక్కడ వేరేవాళ్లు పాడాలి," అన్నాను.

"వేరేవాళ్లేరీ?"

"లేరు."

అక్క తరువాతి మాట ఎత్తింది. ఆగింది. ఆ జాగాలో అతను "రోజర్, ఓవర్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తరువాత వంటగాడు గరిటె పక్కన పెట్టి, ఉయ్యాలో అని అందుకున్నాడు. మూడో రోజుకు పంజాబీ ఆపరేటర్ కూడా ఉయ్యాలో అంటున్నాడు. కమాండర్ పైకి అనేవాడు కాదు. పెదవులు కదిలేవి.

పోస్టులో ఉపగ్రహ ఫోను ఒకటి. ఆదివారం ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. బతుకమ్మ మొదలైన వారం అక్కకు చేశాను.

"తిన్నవారా తమ్మీ? చలి బాగుందా?"

"ఉంది. పాట ఎత్తుతున్నవా అక్కా?"



"పెద్దమ్మ వద్దన్నది. మొగడు పోయినామె పాట ఎత్తితే మంచిగుండదట. వద్దంటే వద్దు. ఇగ ఎన్నడు ఎత్త. చేన్ల గూడ ఎత్త. నాట్లకు పోతున్న, నోరు మూసుకొని ఏస్తున్న."

"పెద్దమ్మకేం దెలుసు?"

"ఊకో. ఆమె ఒక్కతేనా అనేది? అందరు గట్లనే సూస్తుండ్రు."

సమయం అయిపోయింది. ఫోను తరువాతివాడికి ఇచ్చాను.

పెద్దమ్మ మా నాయిన అన్న భార్య. చెడ్డ మనిషి కాదు. తనకు ముప్పై ఏళ్లప్పుడు పెద్దనాయిన పోతే ఆమె నోరూ అట్లాగే మూయించారు. తనకు జరిగిందే ఆచారం అనుకుంది. అర్థం చేసుకున్నాను. ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. బతుకమ్మ అన్న మాటలో బతుకు ఉంది. మొగుడు పోతే ఆడదాని గొంతు కూడా పోవాలన్నది ఎవరి లెక్క? మా అక్క మొగుణ్ని పోగొట్టుకుంది. పాటను పోగొట్టుకుంటే చూస్తూ ఊరుకోలేననుకున్నాను. ఊళ్లో ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. పోస్టు మీద నా దగ్గర ఉన్నది వారానికి మూడు నిమిషాలు.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, ఆ ఏడు ఆదివారం పడింది. శనివారం సాయంత్రం హాజరు తరువాత కమాండర్‌కు విషయం చెప్పాను. అక్క పాట ఆమెకే వినిపించాలి, జాగాల్లో మనం అందుకోవాలి. పాట పదకొండు నిమిషాలు.

ఆయన చేతి తొడుగులు తీసి బుఖారీ దగ్గర పెట్టాడు. బుఖారీ అంటే కిరోసిన్ పొయ్యి.

"నిమిషాలు నేను పుట్టించలేను. అడుగు. ఎవరైనా ఇస్తే తీసుకో. నావి మూడు రాసుకో."

వంటగాడు తనవి ఇచ్చాడు. "మా అవ్వకు చెవుడే అన్నా. మూడు నిమిషాలు హలో హలో అననీకే సరిపోతది."

 ఆపరేటర్‌కు పదహారు రోజుల కింద బిడ్డ పుట్టింది. ఫోను చేసిన రెండు ఆదివారాలూ బిడ్డ నిద్రలోనే ఉంది, ఇంకా గొంతు వినలేదు.

"ఒక్క నిమిషం ఇస్తా. రెండు నా బిడ్డవి."

నావి మూడు కలిపితే పది. ఆఖరి చరణం వదిలేద్దామని కమాండర్ అన్నాడు. సరే అన్నాను.

ఆ రాత్రి ఒక తప్పు చేశాను. కొత్త బ్యాటరీలు వేస్తే గట్టిగా పాడుతుందని పెట్టెలో ముందే వేసి, పెట్టెను అరలో ఉంచాను. ఆ ఎత్తులో బ్యాటరీలను రాత్రి చొక్కా లోపల, చంకలో పెట్టుకుని పడుకోవాలి. అది మొదటి రోజే నేర్పుతారు. పండుగ తొందరలో మరిచాను. ఆ రాత్రి మైనస్ పదకొండు.

ఆదివారం పదహారు గంటల పది నిమిషాలు. ఇద్దరు కాపలా మీద, ఏడుగురం బంకర్‌లో. ఆపరేటర్ ఏరియల్ తిప్పి సిగ్నల్ పట్టాడు. ఊళ్లో అప్పటికి ఆడవాళ్లు బతుకమ్మలతో బయటికొచ్చే వేళ దగ్గర పడుతుంది. అక్క ఎత్తింది.

"బతుకమ్మ పేర్చినవా?"

"చిన్నది పేర్చిన. ఇంట్లనే పెట్టిన. బయటికి దియ్య."

"ఫోన్ స్పీకర్ల పెట్టు. ఒకటి విను."

పాట పెట్టాను. ఎవరూ విత్తకుండా చేను నడుమ గునుగు మొలిచిందని మొదటి మాట. ఏడుగురం అందుకున్నాం. పంజాబీ, గఢ్వాలీ, ఒడియా, తమిళం, మక్తల్, హాలియా, ఇంకొకతను అస్సామీ. మొగగొంతులు. శ్రుతి లేదు.

"బంద్ చెయ్యరా," అంది అక్క. "గా పాట బంద్ చెయ్యి."

చేయలేదు. కలుపని పీకి గట్టు మీద పారేస్తే గట్టు మీదే పూసిందని రెండో చరణం. అందుకున్నాం. అక్క ఫోను పెట్టెయ్యలేదు. ఆపరేటర్ గడియారం చూస్తూ వేళ్లు చూపిస్తున్నాడు. నాలుగు నిమిషాలు.

మూడో చరణం మొదటి మాటకు గొంతు సాగింది, మందగించింది, ఆగింది. పెట్టె మీది ఎర్ర దీపం ఆరిపోయింది.

మాకు తెలిసింది అందుకోవడమే. పాట ఎత్తడం ఎవరికీ రాదు. నాకూ రాదు. వంటగాడు బ్యాటరీలు ఊడదీసి అరచేతుల్లో రుద్దుతున్నాడు. కమాండర్ నా వైపు చూశాడు.  ఆయన ఒక్కడే, ఎత్తే మాట లేకుండానే, ఖాళీలోకి ఉయ్యాలో అన్నాడు.

ఫోనులో ఊపిరి తీసుకోవడం వినిపించింది. తరువాత అక్క మూడో చరణం ఎత్తింది.

మెల్లగా కాదు. చెరువు కట్ట దాకా వినిపించేటట్టు. ఏడుగురం అందుకున్నాం. ఆమె ఎత్తింది, మేం అందుకున్నాం. ఆపరేటర్ రెండు చేతుల వేళ్లూ చూపించాడు. పది. ఫోను తీసుకోలేదు. ఇంకో వేలు చూపించాడు. ఆఖరి చరణం కూడా అయింది. అప్పుడు కట్ చేసి, మీసాల మీది మంచు తుడుచుకుని, తన బిడ్డకు ఫోను కలిపాడు. ఆ మాటలు మేము వినలేదు. బయటికి వచ్చేశాం. అతనికి మిగిలింది ఒక్క నిమిషం.

ఆ సాయంత్రం ఊళ్లో ఏం జరిగిందో వారం దాకా నాకు తెలియదు. మధ్యలో రెండు రోజులు మంచు. కింది క్యాంపు నుంచి రేడియోలో ఒకటే మాట. "వాతావరణం బాగాలేదు. గస్తీ రద్దు. ఓవర్." పార పట్టుకుని మంచు ఎత్తిపోశాం. ఆదివారం అక్కే ముందు మాట్లాడింది.

"బయటికి దీసిన. నడుమ వెట్టిన. పాట ఎత్తిన."

"ఎవరన్న అందుకున్నరా?"

"ఒక్కతి అందుకోలే. పెద్దమ్మ కొంగు నోటికడ్డం వెట్టుకుంది. నేనే ఎత్తిన, నేనే అందుకున్న. నోరు నొచ్చింది గని ఇడువలే. ఆఖరుదాంక పాడిన." ఖాళీలో ఒక్కడే ఉయ్యాలో అన్నది మా సుబేదారని చెప్పాను. "మీ సుబేదారుకు శ్రుతి లేదురా," అంది.

కమాండర్‌కు ఆ మాట అట్లాగే అనువదించి చెప్పాను. "నిజమే," అన్నాడు.

జనవరి మూడో వారంలో దిగాను. ఆరు గంటల నడక, రెండు రోజుల ట్రక్కు, రెండు రాత్రుల రైలు. హాలియాలో పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగాను. అక్క ఇంటికి తాళం. కాలువ కింది మడికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. కిట్టు భుజాన్నే వేసుకుని గట్టు మీద నడిచాను.

ఆ తరువాత ఇంకో రెండు పోస్టులు చేశాను. రిటైరయ్యాను. అక్క పోయి మూడేళ్లయింది. దినాలకు వచ్చినవాళ్లలో ఒకాయన, మీ అక్క మంచిదే గాని జిద్దు మనిషి అన్నాడు. అవునన్నాను. ఆ మొండిపట్టు లేకపోతే ఆమె పాట మా దగ్గర కూడా మిగిలేది కాదని చెప్పాను. ఆయన ఛాయ్ తాగి లేచి వెళ్లాడు.

నాకు మంచు కలలోకి రాదు. వచ్చేది ఆ మడి. మోకాళ్ల లోతు బురద. పద్నాలుగు మంది ఆడవాళ్లు వంగి, వెనక్కి అడుగేస్తూ నాట్లు వేస్తున్నారు. వరుస చివర అక్క. పాట ఎత్తుతోంది. నాట్ల పాట. చేన్లో అందుకోకపోతే చెయ్యి సాగదు, వరుస చెదురుతుంది. పదమూడు మంది అందుకుంటున్నారు. నాలుగో మనిషి పెద్దమ్మ. తల ఎత్తకుండా, ముఖం ముడుచుకునే, అందరికంటే గట్టిగా అందుకుంటోంది. "అక్కా" అని పిలిచాను. అక్క నన్ను చూసింది. నడుము ఎత్తలేదు. ఎడమ చేతిలో నారు కట్ట. మోచేతి దాకా బురదైన కుడి చెయ్యి పైకెత్తి, ఆగు అని చూపించింది. చరణం ఇంకా ఉంది. నేను కిట్టు దించకుండా గట్టు మీద నిలబడ్డాను.