రాజవ్వ ఇంటిపన్నుకు నేను రాసిన దరఖాస్తు

గడ్డపార పట్టకుండా, కూలీని పెట్టకుండా, ఒక్క కలంతో నిలబడ్డ ఇంటిని కూల్చబోయిన ఘనత నాది. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు నేను నిజామాబాదులో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు వర్ని. రాజవ్వ అనే ముసలమ్మ ఇంట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. రెండు అర్రల పెంకుటిల్లు. భర్త పోయాక బీడీలు చుట్టుకుంటూ ఆమె కాపాడుకున్న ఆస్తి అదొక్కటే. పేదల చిన్న ఇళ్లకు ఇంటిపన్ను తగ్గిస్తామని, దరఖాస్తు పెట్టుకోమని ఆ ఏడాది మున్సిపాలిటీవాళ్లు చెప్పారు.

"బిడ్డా, సదువుకున్నదానివి. నాలుగు ముక్కలు రాసియ్యరాదు?" అంది రాజవ్వ.

నాలుగు ముక్కలా! కాలేజీ వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి కొట్టిన చేయి నాది. కోతికి కొబ్బరికాయ దొరికితే ఊరుకుంటుందా? నాలుగు కాగితాలు రాశాను. "గోడలు రేయింబవళ్లు కన్నీరు కారుస్తున్నవి. దూలాలు వృద్ధుల మోకాళ్లవలె వణుకుచున్నవి. ఊరు పొమ్మనుచుండగా, కాడు రమ్మనుచుండగా, పైకప్పు మీదికి రానా అనుచున్నది."

చదివి వినిపిస్తే రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపం, ఎవలిల్లు బిడ్డా గది?"

"నీదే అవ్వా!"

"నాదా? గట్లున్నదా?" అని భయంగా పైకి చూసింది.

వారం తిరగకముందే మున్సిపాలిటీ సారు వచ్చాడు. చేతిలో ఉన్నది పన్ను కాగితం కాదు, నోటీసు. ఇల్లు శిథిలమైంది గనుక వానలు పడేలోపు ఖాళీ చేయాలి, తర్వాత కూల్చేస్తారు.

"గింత ఖతర్నాక్ ఇంట్ల ఎట్లుంటున్నరమ్మా? మీ దరఖాస్తు సదివి మా పెద్దసారు పరేషానైండు. ముందుగాల సామాను బయట పెట్టుండ్రి" అన్నాడు, గడప దాటకుండా, పెంకుల వంక బెదురుగా చూస్తూ.

రాజవ్వ ఒళ్లో బీడీల చాట ఉంది. ఎవరొచ్చినా ఆగని ఆమె వేళ్లు ఆగిపోయాయి. "నా ఇల్లు కూలగొడ్తరా?" అంది. ఆ గొంతు విన్నాక నా మొదటి బహుమతి బూడిదలో పోసిన పన్నీరే.

తప్పు దిద్దుకోవాలి కదా. ఎలా దిద్దుకున్నాననుకున్నారు? ఇంకో తప్పుతో.

"సార్, గదంత ఉత్తదే! గిది ఇల్లు కాదు, ఖిల్లా! ఏనుగునెక్కిచ్చినా పెంక కదలది!" అంటూ గోడను గుద్దాను. గోడ కదల్లేదు, నా మణికట్టు కదిలింది. "దూలాలు సూడుండ్రి, అసలు టేకు! గిసొంటి ఇల్లు గీ గల్లీలనే లేదు!"

సారు ధైర్యంగా లోపలికొచ్చి, దూలం తట్టి చూసి, పెన్ను తీశాడు.

"టేకు... మంచి కట్టడం... గల్లీల గిసొంటిది లేదు," అని రాసుకుంటూ తలెత్తాడు. "అయితే పన్ను తగ్గించుడెందుకమ్మా? పెంచాలె గద!"

రాజవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "నువ్వు జెర నోరు మూసుకో బిడ్డా" అని నాకు చెప్పి, ఆయన వైపు తిరిగింది. "సారూ, ఇల్లు పడదు. వానొస్తే మూలకొక గిన్నె వెడ్త, గంతే. రెండర్రలు. ఒకదాంట్ల నేనుంట, ఒకటి ఈ పిల్లకిచ్చిన. బీడీలు చేసుకుంట బతుకుతున్న. గంత పన్ను నాతోని కాదు."

"గీ ముక్క రాస్తే అయిపోతుండె గదమ్మా!" అన్నాడు సారు నాతో. నోటీసు మడిచి జేబులో పెట్టుకుని, వెంట తెచ్చిన నా దరఖాస్తును వెనక్కి తిప్పి, రాజవ్వ మాటలు మూడు వరుసల్లో రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. నెల తిరిగేసరికి పన్ను తగ్గింది.

రాజవ్వ సంబరంగా నాకు చాయ్ ఇస్తూ అంది: "నీ రాత మంచిగనే అక్కరకొచ్చింది బిడ్డా. ఎనుక దిక్కు ఖాళీ ఉండె గద!"

ఆ వారమే నందిపేట దగ్గర గోదావరిలో మూడు మునకలు వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ దరఖాస్తులోనూ ఉన్నమాటకు తోక తగిలించను. ఇప్పుడు నేను బడిపంతులమ్మను. మొన్న నా పెళ్లికి పెట్టిన సెలవు చీటీలో కూడా మాట తప్పలేదు. "పెళ్లి ఉంది. నాదే" అని రాశాను.

మా హెడ్‌మాస్టరు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, మెల్లగా అడిగాడు: "ఏమైందమ్మా, ఇష్టం లేని పెళ్లి చేస్తున్నరా?"