ఇబ్బంది ఎవరికమ్మా?

మూసాపేట మెట్రో స్టేషన్ మెట్ల కింద పొద్దున్నే స్కూటీ ఆపుకుని నిలబడే ఆడమనిషిని ఆ దారిన వెళ్ళేవాళ్ళు చూసే ఉంటారు. ఆమె పేరు తేజస్విని. సొంతూరు కదిరి దగ్గర. భర్త హేమంత్ బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేస్తాడు. ఆమెది బైక్ టాక్సీ. మగవాళ్ళ వెనక కూర్చోవడం ఇష్టంలేని ఆఫీసు అమ్మాయిలు ఫోన్ చేసి మరీ ఆమె కోసం ఆగుతారు. మాదాపూర్ నుంచి రాయదుర్గం దాకా ఆ అద్దాల మేడల మధ్య ఏ సందులో దూరితే ఎక్కడ తేలవచ్చో ఆమెకు కంఠతా వచ్చు. సిగ్నల్ దగ్గర వెనక కారువాడు హారన్ మోగిస్తే తిరిగి చూసి, "యాడికప్పా అంత తొందర? నా తల మీద నుంచి పోతావా?" అని అడిగే రకం.

అంత నోరున్న మనిషికి ఒక్క విషయంలో మాత్రం నోరు పెగలలేదు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, అదే ఆమె పరిస్థితి. ఆడవాళ్ళకు మర్మస్థానంలో ఉండే లోపలి పెదవుల్లో ఒకటి ఆమెకు బాగా పొడవుగా పెరిగింది. అది జబ్బేమీ కాదు. చాలామందికి అలాగే ఉంటుంది, ఏ బాధా ఉండదు. కాకపోతే ఆ చాలామంది రోజంతా స్కూటీ మీద కూర్చోరు. ఈమెకు ఆ చర్మం సీటు మీద మడతపడి నలిగేది, ఎండలో చెమటకు ఒరుసుకుని పుండు పడేది. పుండు మానేలోపే మళ్ళీ ఒరుసుకునేది. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే చాలు, సీటు మీద నుంచి లేచి కాళ్ళ మీద నిలబడేది. వెనక కూర్చున్న అమ్మాయిలు అదేదో ఆమె స్టైల్ అనుకునేవారు.

హేమంత్‌కు విషయం తెలుసు. పాపం, మెత్తటి స్పాంజి తెచ్చి సీటుకు తనే తొడుగు కుట్టించాడు. దాంతో కొంత తేలికైనట్టే ఉండి, ఎండలు ముదరగానే మళ్ళీ మొదటికొచ్చింది.

ఒకరోజు కూకట్‌పల్లిలో కృష్ణప్రియను ఎక్కించుకుంది. కృష్ణప్రియ ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది, వాళ్ళది భీమవరం. రోజూ వచ్చే మనిషే. సగం దారిలో తేజస్విని బండి పక్కకు ఆపి, హ్యాండిల్ మీద తల వాల్చేసింది.

"ఏమైందండి తేజస్విని గారూ? కళ్ళు తిరుగుతున్నాయా?"

ఆ 'గారూ'కే కరిగిందో, నొప్పికి ఓపిక చచ్చిందో, తేజస్విని ఉన్నదంతా చెప్పేసింది. కృష్ణప్రియ ముఖం చిట్లించలేదు. "దీనికి ఆపరేషన్ ఉందండి. లేబియాప్లాస్టీ అంటారు. అదిగో, ఆ బోర్డు దాని గురించే," అని పైకి చూపించింది. సిగ్నల్ దగ్గర పెద్ద హోర్డింగు. చేతిలో గులాబీ పట్టుకుని ఒకమ్మాయి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. తేజస్విని రోజూ ఆ బోర్డు కిందనుంచే వెళ్తుంది. ఆ పిల్ల దేనికంతగా నవ్వుతోందో ఆమెకు ఆ రోజే తెలిసింది.

అలాంటి క్లినిక్కుల గడప తొక్కే స్తోమత ఆమెకెక్కడిది? ఉన్నది సర్కారు పెద్ద దవాఖాన. అక్కడికే వెళ్ళింది.

ఆడవాళ్ళ విభాగంలో డాక్టరమ్మ గది గుమ్మం దగ్గర ఆయా సాయమ్మ కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళను వరసలో పెట్టడం ఆమె పని. "ఏం తక్లీఫమ్మా?" అని అడిగింది. తేజస్విని చెవి దగ్గరికి వంగి చెప్పబోయింది. "ఏందీ? జర గట్టిగ చెప్పు, ఇనపడ్తలేదు!" అని ఆవిడ అరిచేసరికి వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచారు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

లోపల డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే ఎదురుగా ఉన్న ఇనప స్టూలు చూపించి, "కూర్చోమ్మా" అంది.

"పర్వాలేదు మేడం, నిలబడతాను."

వినయమనుకుంది కాబోలు, ఆవిడ మళ్ళీ అడగలేదు. తేజస్విని బండి సంగతీ పుండు సంగతీ చెబుతుంటే సగమే విని, పరీక్ష చేసి చేతులు కడుక్కుంటూ, "ఇది మామూలేనమ్మా. ఈ హోర్డింగులు చూసి ఈమధ్య ప్రతివాళ్ళూ ఇదే పాట. ఇది అందం కోసం చేసేది. మా దగ్గర కాదు, ప్లాస్టిక్ సర్జరీ వాళ్ళనడుగు," అంది.

ప్లాస్టిక్ సర్జరీ వాళ్ళు, "అందం కోసమైతే ఉచిత కార్డు మీద రాదు. బాధ ఉందని ఆడవాళ్ళ విభాగం రాసిస్తే చూస్తాం," అన్నారు. ఆడవాళ్ళ విభాగం మళ్ళీ వాళ్ళ మీదకే తోసింది. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి కాళ్ళరిగేలా తిరిగింది తేజస్విని. ఆసుపత్రికి వెళ్ళిన రోజు బండి తిప్పడానికి లేదు. బండి తిప్పిన రోజు పుండు మానేది లేదు. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ కూర్చోమనేది, ఈమె నిలబడేది. ఎందుకు కూర్చోవు తల్లీ అని ఒక్కసారి అడిగి ఉంటే బాధ ఎంతో అక్కడే తేలిపోయేది. అడగందే!

చివరికొకరోజు విసుగు పుట్టి డాక్టరమ్మే అంది. "అసలు ఇబ్బంది ఎవరికమ్మా? మీ ఆయనకా?"

"ఆయనకేమి మేడం? బండి మీద కూసునేది నేను కదా."

"అది కాదు. సంసారానికి ఇబ్బందిగా ఉంటే అది వేరే సంగతి. మీ ఆయన్ని తీసుకురా. ఎలాగూ సంతకం కావాలి."

చూశారా వరస! కాలు విరిగినవాణ్ణి తీసుకెళ్తే, నీ కాలు విరిగినందుకు నీ పెళ్ళానికేమైనా ఇబ్బందిగా ఉందా అని ఏ డాక్టరైనా అడుగుతాడా? ఆడదాని నొప్పికి మాత్రం మొగుడు వచ్చి సాక్ష్యం చెప్పాలి. తేజస్వినికి ఒళ్ళు మండిపోయింది. అయినా అవసరం తనది. నోరు మూసుకుని ఇంటికొచ్చింది.

హేమంత్ సెలవు పెట్టి, గోళ్ళలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో వచ్చాడు. అంతమంది ఆడవాళ్ళ మధ్య ఒక్క మగవాడు. ఎటు చూడాలో తెలియక గోడ మీది పసిపిల్లల టీకాల బొమ్మ చూస్తూ నిలబడ్డాడు.

"నీకేమైనా ఇబ్బందిగా ఉందా బాబూ?" అంది డాక్టరమ్మ.

పరాయివాళ్ళ ముందు భార్యను ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడే మనిషి కాదతను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నాకేం ఇబ్బంది లేదు మేడం. మా ఆమె బంగారం," అన్నాడు.

"అదిగో, విన్నావా? మీ ఆయనే బాగుందంటుంటే నీ బాధేమిటమ్మా? అదృష్టవంతురాలివి. ఈ పూతమందు రాసుకో, వదులు బట్టలు వేసుకో." కేసు షీటు మూసేసి ఆవిడ తర్వాతి పేరు పిలిచింది.

వరండాలోకి రాగానే తేజస్విని మొగుడి మీద విరుచుకుపడింది. "నిన్నెవరు బంగారమనమన్నారు?"

"మరి ఏమనేది? వాళ్ళ ముందర నిన్ను వంక పెట్టి మాట్లాడేదా?"

ఏమని తిడుతుంది? తిట్టడానికి అతను చేసిన తప్పేముంది? మంచికి పోతే చెడు ఎదురైందంటారు, ఇదే. కక్కలేక మింగలేక బండి తీసింది. హేమంత్ వెనక కూర్చున్నాడు. భార్య బండి మీద అంత దూరం అతనెప్పుడూ రాలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించి పైకి లేవడం, మళ్ళీ కూర్చునేటప్పుడు గొంతులోనే ఒక మూలుగు మింగడం మొదటిసారి చూశాడు. భరత్‌నగర్ వంతెన దిగేసరికి ఉండబట్టలేక భుజం తట్టాడు.

"ఇంగ ఈ బండి వద్దు తేజూ. మానేయి."

"మానేసి ఏం చేసేది? నాకొచ్చిన పని ఇదొక్కటే. నాకిష్టమైన పని కూడా ఇదే." బండి పక్కకు ఆపి దిగింది. "నువ్వు మళ్ళా వచ్చి చెప్పల్ల. ఇబ్బంది నీకే అని చెప్పల్ల."

"అబద్ధమా? ఏ మొగం పెట్టుకోని చెప్పేది? నన్నేమనుకుంటారు వాళ్ళు?"

"నేను నిజం చెప్పి చెప్పి నా నాలిక అరిగిపాయ. వాళ్ళకు నా నిజం పనికి రాదు. నీ అబద్ధమన్నా పనికొస్తాదేమో చూద్దాం."

మళ్ళీ వెళ్ళారు. హేమంత్ తల వంచుకుని, దొంగతనం ఒప్పుకున్నవాడిలా, "ఇబ్బందే మేడం... నాకు," అన్నాడు. మెడ మీద చెమట కాలర్‌లోకి కారుతోంది.

డాక్టరమ్మ గొంతు ఎంత మెత్తబడిందనుకున్నారు! "ముందే చెప్పొచ్చు కదా బాబూ. మగవాళ్ళు ఇలాంటివి లోపలే పెట్టుకుంటారు," అంటూ పెన్ను తీసింది. నెలల తరబడి కదలని కాగితం నిమిషంలో కదిలింది. ప్లాస్టిక్ సర్జరీ వాళ్ళను ఆవిడే ఫోన్ చేసి పిలిచింది. ఆపరేషన్‌కు తేదీ కూడా పడిపోయింది. స్టూలు పక్కన నిలబడి అంతా చూసిన తేజస్వినికి సంతోషం రావాలి. కోపమొచ్చింది. గొంతు దాకా వచ్చిన కోపాన్ని తేదీ పోతుందన్న భయంతో దిగమింగింది.

ఆపరేషన్ కూడా ఎంతో సేపు పట్టలేదు. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళు తిప్పారు అనిపించింది. కొన్ని వారాలు స్కూటీ ముట్టుకోలేదు. ఎప్పుడొస్తారండీ అని కృష్ణప్రియ ఫోన్ చేస్తూనే ఉంది. కుట్లు మానాక ఒక సాయంత్రం ఆగి ఉన్న బండి మీద ఊరికే కూర్చుని చూసింది. నొప్పి లేదు. వీధి లైట్లు వెలిగేదాకా అలాగే కూర్చుండిపోయింది.

ఆఖరిసారి చూపించుకోవడానికి ఇద్దరూ వెళ్ళారు. డాక్టరమ్మ నవ్వుతూ హేమంత్ వైపు తిరిగింది. "ఇప్పుడెలా ఉంది బాబూ? ఇబ్బంది పోయిందా?"

హేమంత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆమెనడగండి మేడం," అన్నాడు.

తేజస్విని ఇనప స్టూలు ముందుకు లాక్కుంది. ఎవరూ చెప్పకుండానే దాని మీద నిండుగా కూర్చుంది.

"ఆయనకు ఏ పొద్దూ ఇబ్బంది లేదు మేడం. ఆ మాట నేనే చెప్పించినా. ఇబ్బంది నాకుండె. వచ్చినప్పుడల్లా ఈ స్టూలు మీద కూసోమంటిరి, నేను కూసోలే. ఎందుకు కూసోలేదని ఒక్కసారన్నా అడిగితిరా?"

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "అంతా బాగైపోయింది కదమ్మా. ఇప్పుడెందుకివన్నీ?"

"కాగితంలో ఆయన ఇబ్బంది అని రాసినారు. అది కొట్టేసి నాది రాయండి. రేపు నా మాదిరి ఇంకొకామె వస్తే, మొగుణ్ణి పిల్చుకోని రా అనకండి."

డాక్టరమ్మ గడియారం చూసింది, గుమ్మం వైపు చూసింది. గుమ్మంలోంచి సాయమ్మ తల పెట్టి కేకేసింది. "ఇగ లెవ్వమ్మా! బయట లైను మస్తున్నది."

తేజస్విని లేవలేదు. ఇప్పుడామె ఎంతసేపైనా కూర్చోగలదు.